పదకొండు నుంచి మూడు దాకా

నేను పెంచిన పూలను నేను తప్ప అందరూ చూశారు. ఇప్పుడు తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను గానీ, ఆ రెండు మూడు నెలలు నేను కుళ్లుకున్న కుళ్లు అంతా ఇంతా కాదు. నాకు యాభై రెండేళ్లు. ఈ వయసులో ఒక పూలకుండీ గురించి, అందులోనూ పక్కింటామెతో పోటీయా అని ఎవరైనా అడిగితే తల దించుకోవాల్సిందే. దించుకునే రాస్తున్నాను.

ఆ మొక్కను కొన్నది అమ్మతో బజారుకు వెళ్లిన ఒక జనవరి ఆదివారం. ఆదివారాలు అబిడ్స్‌లో పెద్ద దుకాణాలు షట్టర్లు దించుకుంటాయి, వాటి ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. ఆ పుస్తకాల వరసకు చివర ఒకాయన తోపుడు బండి మీద మొక్కలు పెట్టుకున్నాడు. పట్టపగలు పన్నెండు గంటలు. దళసరి ఆకులు, వాటి మీద పంచదార చల్లినట్టు మెరిసే చుక్కలు, దువ్విన దారాల్లాంటి సన్నటి రెక్కలతో గులాబీ రంగు పూలు. కుండీ కనిపించనంతగా పూసి ఉంది.

"ఏం చెట్టయ్యా ఇది?" అని అడిగింది అమ్మ.

"ఐస్ ప్లాంట్ అమ్మా."

"ఐసు అంటవు, గింత ఎండల పెట్టినవేంది?"

"గది ఎండకే పూస్తదమ్మా. ఎండ లేకుంటే కండ్లే తెరువది."

అమ్మ పగలబడి నవ్వింది. బేరం కూడా ఆడకుండా కొనేశాను. ఆ నవ్వు కోసమే కొన్నానని అప్పుడు నాకు తెలియలేదు.

మా ఇంట్లో ఉండేది ఇద్దరమే, అమ్మా నేనూ. నాన్న పోయినప్పుడు నాకు పందొమ్మిదేళ్లు. ఆయన ఉద్యోగం నాకిచ్చారు. ఊళ్లో ఉన్న చెల్క భూమి అమ్మేసి అమ్మను తీసుకుని నాంపల్లి వచ్చాను, అప్పటినుంచీ అదే ఆఫీసులో గుమాస్తాను. పెళ్లి చేసుకోలేదు. ఇప్పుడున్నది అబిడ్స్ వెనక సందులో రెండో అంతస్తు. మా తలుపుకి ఎదురు తలుపు పక్కింటామెది. నాకంటే పదేళ్లు చిన్నది. తాతల కాలం నుంచీ ఈ ఊరివాళ్లే, మొగుడికి మెయిన్ రోడ్డు మీద బ్యాగుల దుకాణం. మా అంతస్తులోకి వచ్చి రెండేళ్లు కాలేదు, మా అమ్మ ఆమెను "బిడ్డా" అని పిలుస్తుంది. నన్ను "ఏందే" అంటుంది. నన్ను బిడ్డా అని పిలిచి ఎన్నేళ్లయిందో లెక్కపెట్టుకోవాలంటే నాకే భయం.

మొక్కను డాబా మీద పెట్టాను. సాయంత్రం ఆరుకు ఆఫీసు నుంచి వచ్చి చూస్తే ఒక్క పువ్వు లేదు. అన్నీ మూసిన గొడుగుల్లా ముడుచుకుని ఉన్నాయి. మర్నాడూ అంతే. తొమ్మిదిన్నరకు నేను బయల్దేరేటప్పుడూ ముడుచుకునే ఉంటాయి. ఆదివారం ఇంటి పనులు తెమిలి పైకి వెళ్లేసరికి నాలుగు దాటింది, అప్పుడూ అంతే. మోసపోయాననుకున్నాను. దాహమేమో అని నీళ్లు పోశాను. మా సందులో నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. నల్లా వచ్చిన పొద్దున బిందెలు నింపి, బకెట్లు నింపి, చివరికి చెట్లన్నిటికీ తలా ఒక చెంబు పోయడం నాకు అలవాటు. దానికి రెండు చెంబులు పోశాను. పైగా బియ్యం కడిగిన నీళ్లు.

పది రోజుల తర్వాత మెట్ల మీద పక్కింటామె ఎదురైంది.

"అక్కా, మీ చెట్టు కమాల్ చేస్తున్నది. ఇయ్యాల ముప్పై నాలుగు పూసినయి. నేనూ అమ్మా లెక్కపెట్టినం."

"పూశాయా? ఎప్పుడు?"

"రోజూ పూస్తయి గదా. పదకొండుకు ఇచ్చుకుంటయి, మూడుకు బంద్."

చెప్పి ఫోన్ తీసి చూపించింది. పూలు, పూల పక్కన పీట మీద మా అమ్మ. నోరంతా తెరిచి నవ్వుతోంది. పక్క పన్ను ఒకటి ఊడిపోయి ఉంది. అది ఎప్పుడు ఊడిందో నాకు తెలియదు. పూల సంగతి తర్వాత, నా తల్లి పన్ను ఊడిన సంగతి ఎవరో ఫోన్‌లో చూపిస్తే తెలుసుకోవడమా!

ఆ రోజు నుంచీ ఆమె రోజూ ఒక ఫోటో పంపేది. నాంపల్లిలో నా బల్ల మీద ఫైళ్లు పరుచుకుని ఉంటాను, పన్నెండున్నరకు ఫోన్ టింగుమంటుంది. పూలు, అమ్మ. అమ్మ, పూలు. కావాలనే ఉడికిస్తోందనుకున్నాను. "బాగున్నాయి" అని జవాబిచ్చి, ఫోన్ బోర్లించేదాన్ని. ఆదివారాలు కూడా, ఆమె చెప్పిన వేళకు వెళ్లి చూడటమా అని, పంతానికి మధ్యాహ్నం పైకి వెళ్లేదాన్ని కాదు. ఇంటికి వచ్చేసరికి పూలు ముడుచుకుని ఉండేవి, అమ్మ టీవీ ముందు కునుకుతూ ఉండేది. పగలంతా ఆమెతో మాట్లాడి మాట్లాడి అలిసిపోయి, నాకు మిగిలేది ఊకొట్టడమే.

"ఇవాళ ఎన్ని పూశాయమ్మా?"

"పూసినయి."

"ఇద్దరూ ఏం మాట్లాడుకుంటారు అంతసేపు?"

"ఏదో, మాటలు."

ఆ మాటలేమిటో నాకు తెలియాలి. కచ్చితంగా నా మీద చాడీలే. పెళ్లి చేసుకోలేదనో, కూరల్లో ఉప్పు తక్కువేస్తాననో, ముక్కు మీద కోపమనో. అన్నీ నిజాలే కాబట్టి ఇంకా ఒళ్లు మండేది.

ఫిబ్రవరిలో ఆమె ఒక కొమ్మ అడిగింది. "ఇప్పుడు తుంచితే బతకదు, వానాకాలంలో ఇస్తాలే" అని అబద్ధం చెప్పాను. అడిగినా ఇవ్వనిది నేనే గానీ, డాబా మీద పదకొండు గంటలకు ఉండేది నేను కాదు కదా. అమ్మ తుంచి ఇచ్చింది. నెల తిరక్కుండా ఆమె కుండీ నా కుండీని మించిపోయింది. ఒక ఆదివారం సాయంత్రం పైకి వెళ్లి చూసి, కళ్లల్లో నిప్పులు పోసుకున్నాను. ఆమెది వెడల్పాటి మట్టి మూకుడు. అడుగున చిల్లు, పగిలిన పెంకులు, పైన ఇసుక, ఇటుక పొడి. గట్టిగా, పొట్టిగా, ముడుచుకున్న పూలతో కిక్కిరిసిన మొక్క. నాది ఖాళీ పెయింటు డబ్బాలో, నల్లమట్టిలో, కాండం మొదట్లో మెత్తబడి, ముట్టుకుంటే వేలికి అంటుకుంటోంది.

"ఇట్లా పెట్టాలని మీకు ఎవరు చెప్పారు?" అని అడిగాను.

"అమ్మనే. ఇది చెల్క చెట్టు, రేగడి చెట్టు కాదు అన్నది. ఆకు జర ముడతలు పడేదాకా నీళ్లు పోయొద్దన్నది."

చెల్క. నేను అమ్మేసి వచ్చిన ఆ ఎర్రటి ఇసుక నేల గురించి నా తల్లి పాఠం చెప్పింది ఈమెకు. నేను రోజు విడిచి రోజు రెండేసి చెంబులు పోస్తుంటే, తలుపు దగ్గర నిలబడి చూస్తూ నాకు ఒక్క ముక్క చెప్పలేదు. నా మొక్క కుళ్లిపోతే పోనీ అనుకుంది! అంత ఏడుపు నాకు నాన్న పోయినప్పుడు కూడా రాలేదేమో. బాత్రూంలోకి వెళ్లి, చెంబుతో నీళ్లు గుమ్మరించుకుంటూ ఏడ్చాను.

మర్నాడు పొద్దున డబ్బాను కిందికి మోసుకొచ్చి మా బాల్కనీలో పెట్టాను.

"నీ మోకాళ్లకు మెట్లు మంచివి కావమ్మా. ఇక్కడే కూర్చుని చూసుకో."

అమ్మ నా మొహం వంక చూసింది. మోకాళ్ల మీద నాకు అంత ప్రేమ ఎప్పటినుంచి పుట్టిందో ఆమెకు తెలియకుండా ఉంటుందా?

మా బాల్కనీ ఉత్తరం వైపు, ఎదురుగా నాలుగంతస్తుల గోడ. రెండు వారాల్లో మొక్క వెలుతురు కోసం మెడలు సాచి పాలిపోయింది. ఒక్క మొగ్గ విచ్చలేదు. ఫోటోలు ఆగిపోయాయి. ఆఫీసులో పన్నెండున్నరకు ఫోన్ వైపు చూసి, అది మోగనందుకు సంతోషించాలని ప్రయత్నించాను. కుదరలేదు. ఇంట్లో అమ్మ కునకడం కూడా మానేసి, గోడనే చూస్తూ కూర్చునేది. ఒక సాయంత్రం పక్కింటామె తలుపు కొట్టి, గిన్నెతో ఖట్టీ దాల్ చేతికిచ్చి, గడపలోనే అడిగింది.

"అమ్మకు తబియత్ బాగలేదా అక్కా? పైకి వస్తలేదు."

"మోకాళ్లు," అన్నాను.

"నేను చెయ్యి పట్టుకుని ఎక్కిస్త గదా. ఫికర్ చెయ్యకండి."

ఆ రాత్రి అన్నంలో ఆ పప్పు కలుపుకుంటే బాగుంది. బాగున్నందుకూ కోపం వచ్చింది. కానీ పొద్దున్నే డబ్బాను మళ్లీ డాబా మీద పెట్టేశాను. చచ్చిపోతోంది మరి, ఏం చెయ్యను?

అయితే ఆ మాటలేమిటో మాత్రం తెలుసుకోవాలనుకున్నాను. ఆ వారంలోనే ఒక రోజు ఆఫీసుకు సెలవు పెట్టాను, ఇంట్లో చెప్పలేదు. ఎప్పటిలాగే టిఫిన్ డబ్బా సర్దుకుని, తొమ్మిదిన్నరకు బయల్దేరి, నాంపల్లి స్టేషన్ దాకా నడిచి, అక్కడ చాయ్ తాగి, ఇంకో చాయ్ తాగి, పదకొండున్నరకు దొంగలా మా మెట్లెక్కాను. చెప్పులు చేత్తో పట్టుకున్నాను. డాబా తలుపు ఓరగా తీసి ఉంది. తలుపుకి నాలుగు మెట్ల కింద, నీడలో ఆగాను. పైన వాళ్లిద్దరూ నా డబ్బా ముందు కూర్చున్నట్టున్నారు, మట్టి గీకుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"మొదలు మొత్తం కుళ్లిందమ్మా," అంటోంది పక్కింటామె. "పైన మూడు కొమ్మలు బాగున్నయి. గివి ఈ కొత్త మూకుట్ల నాటుదాం. అక్కకు నీళ్లు పోయొద్దని మీరైనా చెప్పొద్దా?"

"ఎట్ల చెప్పాలె బిడ్డా?"

ఇప్పుడు మొదలవుతాయి చాడీలు అనుకున్నాను.

"మేము కొత్తగ ఈ పట్నం వచ్చినప్పుడు నాంపల్లిల మూడో అంతస్తుల రూము కిరాయికి దొరికింది," అంటోంది అమ్మ. "నల్లా కిందనే ఉండె. నాకేమో అప్పుడు పాణం బాగలేకుండె. నా బిడ్డ పొద్దుగాల్నే లేచి ఎనిమిది బిందెలు మోసేది. మోసి, తానం చేసి, అదే తడి జడతోటి ఆఫీసుకు ఉరికేది. ఏడేండ్లు మోసింది. దాని ఎడమ భుజం చూసినవా? జర కిందికి ఉంటది."

"ఔ, చూసిన."

"గది నా వల్లనే కిందికైంది. నీళ్లు మోసిన పిల్ల. నీళ్లు పోస్తెనే సాకినట్టు అనుకుంటది. ఆ చెంబు పట్టుకుని వస్తే, వద్దే, గది చస్తది అని నా నోటితోటి నేనెట్ల చెప్తనే?"

నేను మెట్టు మీద కూర్చున్నాను. నా చెయ్యి నాకు తెలియకుండానే ఎడమ భుజం మీదికి వెళ్లింది. జాకెట్టు కుట్టే ఆమె ప్రతిసారీ అటువైపు కొంచెం సర్దుతుంది. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు.

ఆమె ఏదో అడిగింది, అమ్మ మళ్లీ మొదలుపెట్టింది. నా మొదటి జీతంతో కొన్న రెండు చీరలు, నేను వద్దని పంపేసిన పెళ్లి సంబంధాలు, ఆ పంపేసినందుకు తను గోడవైపు తిరిగి ఏడ్చిన ఏడుపు. ప్రతి రెండు మాటలకు ఒకసారి నా బిడ్డ, నా బిడ్డ. మధ్యలో "ఇగ పూల ఫోటో కొట్టు బిడ్డా, పన్నెండు దాటింది, దాని అన్నం యాళ్ల అయితది, జల్ది పంపు" అంది. కొంగు నోట్లో కుక్కుకున్నాను. నా చేతిలోని ఫోన్ సౌండు బంద్ చేసేంత తెలివి ఆ క్షణంలో ఎలా వచ్చిందో!

నాకు అసూయ పోయిందని రాస్తే అబద్ధమవుతుంది. ఇంకా పెరిగింది. ముప్పై మూడేళ్లు ఒక కప్పు కింద ఉండి నాకు చెప్పని మాటలు, రెండేళ్ల కిందట వచ్చిన మనిషికి చెప్పింది. ఇంకో నాలుగు మెట్లెక్కితే విచ్చిన పూలను కళ్లారా చూడొచ్చు. కానీ నన్ను చూడగానే ఆ మాటలు ఆగిపోతాయి, నేను మళ్లీ "ఏందే" అయిపోతాను. కదల్లేదు. మెట్టు మీదే కూర్చుని, చప్పుడు కాకుండా టిఫిన్ డబ్బా మూత తీసి, చల్లారిన అన్నం తింటూ మూడింటి దాకా విన్నాను.

ఎండ తగ్గింది. పైన మాటలు పలచబడ్డాయి, అమ్మ ఆవులింత వినిపించింది. అప్పుడు చెప్పులు వేసుకుని, మెట్ల మీద కావాలని టకటక చప్పుడు చేసుకుంటూ పైకి వెళ్లాను.

"ఇయ్యాల జల్ది వచ్చినవేందే?"

"పని తొందరగా అయిపోయిందమ్మా."

పక్కింటామె నా చీర వెనక అంటిన మెట్ల దుమ్మును చూసింది. తర్వాత నా మొహం చూసింది. లేచి, పీట నావైపు జరిపింది.

మూకుట్లో కొత్తగా నాటిన మూడు కొమ్మలు. పక్కనే ఆమె కుండీ నిండా అప్పుడే ముడుచుకున్న పూలు.

"జర ముందుగాల వస్తే చూస్తుంటివి," అంది అమ్మ. "నీకు ఎప్పుడూ అందయి."