వజీరాబీ వెతికిన బోరు

తాండూరులో కరీంది పాత ఇనుప సామాను దుకాణం. దుకాణం ఆయనదే గానీ, జనం ఆరా తీస్తూ వచ్చేది మాత్రం ఆయన భార్య వజీరాబీ కోసం. కలుపు తీస్తుంటే చేలో జారిపోయిన పట్టగొలుసు కావచ్చు, కొత్త రోడ్డు కింద కప్పబడిపోయిన నల్లా వాల్వు కావచ్చు, ఎవరు పిలిచినా మెటల్ డిటెక్టర్ భుజాన వేసుకుని బయలుదేరుతుంది. గుప్తనిధులు చూపించమని కార్లలో వచ్చేవాళ్లకు మాత్రం చాయ్ పోసి పంపించేస్తుంది.

ఆ మిషన్ తుక్కులో వచ్చింది. పనికిరాదని ఎవరో పడేసి పోయారు. బ్యాటరీలు వేస్తే ఆగకుండా కూస్తుంటే కరీం విసుక్కుని మూలన పెట్టాడు. ఒకసారి వికారాబాద్ నుంచి మొగులప్ప అనే పెద్దాయన తాండూరులో ఉన్న కూతురింటికి వచ్చి, పాత సైకిలు అమ్మడానికి దుకాణం మెట్లెక్కాడు. మిలిటరీలో మందుపాతరలు వెతికే పని చేసి రిటైరైన మనిషి. మిషన్ చూసి చేతిలోకి తీసుకున్నాడు.

"ఇది ఖరాబ్ కాలే బిడ్డా. దాని మాట ఎట్ల ఇనాల్నో మీకు తెల్వలే, గంతే" అన్నాడు.

కరీంకు అంత ఓపిక లేదు. నేర్చుకుంటానని వజీరాబీ ముందుకు వచ్చింది. తాండూరు వచ్చినప్పుడల్లా మొగులప్ప దుకాణం వెనక మట్టిలో గరిటెనో, మూతనో, కర్రు ముక్కనో పాతిపెట్టేవాడు. మోడ్‌లకు ఆయన తెలుగు పేర్లు పెట్టుకున్నాడు.

"ఏరుడు మోడ్‌ల పెడ్తే ఇనుము కింద ఉన్నా చెప్పది. బంగారం, ఎండి, రాగి, గసొంటియే చెప్తది. అన్నీ మోడ్‌ల పెడ్తే మొలను గూడ దాయది. జాడ దొరికినంక గురి మోడ్. కర్ర కిందున్న ఈ గుండ్రటి బిళ్లను కదపకుండ పట్టుకున్నా మోగుతనే ఉంటది. నడుమకొస్తే గట్టిగ, అంచుకు పోతే సన్నగ."

శబ్దం ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఆగిందో బూడిదతో గీత గీయించేవాడు. లోపల ఉన్నది గుండ్రమా, పొడుగా, ఎంత పెద్దది అని తవ్వకముందే చెప్పమనేవాడు. తప్పు చెబితే కోప్పడేవాడు కాదు, మళ్లీ పాతేవాడు.

మొన్నటి వానకాలం చివర కొడంగల్ దిక్కు నుంచి రాహేలమ్మ బస్సు దిగి వచ్చింది. కంది పూతకు వచ్చింది, వాన మొఖం చాటేసింది. వాళ్ల చేనులో మంచి నీళ్లున్న బోరు ఒకటి ఉండేది. ఎప్పుడో మోటరు కాలిపోతే ఆమె భర్త ఎంకయ్య దాన్ని పైకి తీసి, పిల్లలు పడకుండా ఇనుప పైపు మూతికి ఇనుప పలక బిగించాడు. తర్వాత ఆయనకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఆయన దవాఖానాలో ఉన్నప్పుడు జేసీబీతో చేను చదును చేయించారు. గుర్తులన్నీ చెరిగిపోయి బోరు మట్టి కింద పడిపోయింది. ఎక్కడుందో తెలిసిన మనిషికి చెప్పే నోరు లేదు.

"ఆయన చెయ్యి చాపి చూపెడ్తడక్కా. సగం చేను చూపెడ్తడు" అంది రాహేలమ్మ.

మర్నాడు పొద్దున్నే వజీరాబీ ఆ చేనుకు వెళ్లింది. ఎంకయ్యను ఒడ్డు మీద కుర్చీలో కూర్చోబెట్టారు. ఆయన ఎడమచేత్తో చూపించిన వైపు కంది సాళ్ల మధ్య ఆమె మిషన్ ఊపుకుంటూ నడిచింది. చప్పుడే లేదు. ఆ చివరి నుంచి ఈ చివరికి వచ్చింది. అయినా లేదు. చూస్తున్న రాహేలమ్మ ముఖం వాడిపోయింది.

వజీరాబీ ఆగి మిషన్ వైపు చూసుకుంది. అంతకుముందు ఎవరిదో చెవి కమ్మ వెతికి, ఏరుడు మోడ్‌లోనే వదిలేసింది. ఇనుము చెప్పొద్దని తనే దాని నోరు మూసి, ఇనుప పైపు కోసం తిరుగుతోంది.

"తప్పు నాదే చెల్లె. జర ఆగు" అని మోడ్ మార్చింది.

ఇప్పుడు చేనంతా కూసింది. మొలలు, తీగ ముక్కలు, విరిగిన కొడవళ్లు. మొగులప్ప చెప్పినట్టు బిళ్లను మోకాలి దాకా ఎత్తి చూసింది. చిన్నవాటి గొంతు ఆగిపోయింది. రెండు చోట్ల మాత్రం ఆగలేదు. మొదటి చోట గురి మోడ్‌లో గీతలు గీస్తే ఒకవైపు బారెడు, ఇంకోవైపు బెత్తెడు వచ్చింది. "ఇది గుంటక కింది ఇనుప పాస ఉంటది, వదిలేయ్" అంది. రెండోచోట నిలువుగా వచ్చినా అడ్డంగా వచ్చినా గీతల మధ్య అంతే ఎడం. నాలుగు దిక్కుల నుంచీ శబ్దం ఒకే మధ్యకు వచ్చి గట్టిపడింది. అక్కడ పుల్ల పాతింది.

రాహేలమ్మే గడ్డపార పట్టింది. మోకాలి లోతు తవ్వాక ఖంగుమంది. మట్టి తుడిస్తే తుప్పు పట్టిన పలక. బోల్టులు విప్పి, లోపలికి ఒక రాయి వేశారు. ముగ్గురూ చెవులు రిక్కించారు. కింద నీళ్లు పలికాయి.

ఎంకయ్య గొంతులోంచి మాట కాని మాటేదో వచ్చింది. వజీరాబీ దగ్గరికి వెళితే ఎడమచేత్తో ఆమె చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

"నీకీ పని ఎవరు నేర్పిండ్రక్కా?" అని అడిగింది రాహేలమ్మ. వజీరాబీ చెప్పింది. రాహేలమ్మ ఆ తవ్విన మట్టి మీదే మోకరించింది. "ప్రభువా, వజీరక్కను మా చేనుకు తోలినందుకు స్తోత్రం. ఆమెకు ఈ పని నేర్పిన మొగులప్ప, నేను చూడలే గానీ నీకు తెలుసు, ఆయన మోకాళ్లు, కండ్లు సల్లగ ఉంచు" అంది. వజీరాబీ తల మీద కొంగు సర్దుకుని, చేతులు చాచి "ఆమీన్" అంది.

కొడంగల్ బస్టాండులో కూర్చుని ఆమె మొగులప్పకు ఫోన్ చేసింది. ఏరుడు మోడ్ సంగతి కూడా దాచలేదు. ఆయన నవ్వి, "పుల్ల పెట్టిన కాడికి, దొరికిన కాడికి ఎంత తేడా?" అని అడిగాడు.

"జానెడు గూడ లేదు కాకా. నీ పేరు మీద ప్రార్థన చేసిండ్రు."

"నా పేరు మీదనా?" అన్నాడు మొగులప్ప. "మంచిగైంది బిడ్డా. పైలంగ ఇంటికి పో."