గుమ్మానికి వేలాడిన కలబంద

నా చిన్నప్పుడు, మా తాత పోయిన ఎండాకాలంలో, మా నాయన ఒక కలబంద మొక్కకు రోజూ బిందెడు నీళ్లు పోసేవాడు. మాది కదిరి దగ్గర మెట్ట పల్లె. రెండు బిందెల నీళ్ల కోసం బోరింగు దగ్గర సగం పూట నిలబడాల్సిన రోజులవి.

ఆ మొక్క తాత నాటింది. ఇంటి పడమటి గోడ పక్కన గరుసు నేల, మధ్యాహ్నం నుంచి పొద్దుగూకేదాకా ఎండ. అక్కడ అమ్మ నాటిన మల్లె మాడిపోయింది. తాత మాత్రం మొక్క తేకముందు చాలా రోజులు ఆ చోటునే చూశాడు. ఎండను మార్చలేం, నేలను మార్చలేం, మొక్కనే మార్చుకోవాలనేవాడు. చేని గట్టు మీది కలబంద పిలకను తెచ్చి నాటి, వెంటనే నీళ్లు కూడా పోయకుండా వదిలేశాడు. అది బతికింది.

చివర్లో తాతకు ఒళ్లంతా నీరు పట్టింది. నీళ్లు ఎక్కువ ఇవ్వొద్దని డాక్టరు నాయనకు గట్టిగా చెప్పాడు. ఆఖరి రోజు తాత చెంబు వైపు చెయ్యి చాపాడు. నాయన తడిగుడ్డతో ఆయన పెదవులు తుడిచి, చెంబు తీసి గూట్లో పెట్టాడు. సాయంత్రానికి తాత పోయాడు. ఎవరూ నాయనను ఒక్క మాట అనలేదు.

దినాలు జరిగినన్నాళ్లూ నాయన తాత పేరున నీళ్లు వదిలాడు. దినాలు ముగిసినా ఆ చెయ్యి ఆగలేదు, తాత నాటిన కలబందకు పోయసాగింది. కొన్నాళ్లకు కలబంద ఆకులు పసుపుబారి, మొదలు మెత్తబడింది. దాహమనుకుని నాయన ఇంకో బిందె తెచ్చాడు. ఎసట్లోకి నీళ్లు లేవని అమ్మ అన్నా వినిపించుకోలేదు. అప్పుడు మా జేజి, నాయన తల్లి, లేచి వచ్చింది.

"యాల పోస్తాండావురా అన్ని నీళ్లు?"

"ఎండకు వాడిపోతాందమ్మా."

"ఎండకు గాదు, నీ చేతికి వాడిపోతాండాది. అంత కుళ్లు వాసన వస్తాంటే ముక్కు యాడ పెట్టినావు?"

ఆమె ఒక్క చేత్తో లాగితే మొక్క మొత్తం ఊడి వచ్చింది. వేళ్లు నల్లబడి ఉన్నాయి. గట్టి భాగం కనిపించేదాకా కుళ్లంతా కొడవలితో కోసి, పురికొస కట్టి, గుమ్మానికి తలకిందులుగా వేలాడదీసింది. దిష్టికి కలబంద కట్టడం మాకు కొత్త కాదు. కానీ నాయన దాన్ని దించబోయాడు. "నీళ్లు ల్యాకుండా చచ్చిపోతాదమ్మా."

జేజి గడప మీద కూర్చుంది. "ఒంట్లో నీరెక్కువైనోడికి నీళ్లు ఇయ్యలేదు నువ్వు. అంతే గదా నువ్వు చేసింది? దీని ఒంట్లోనూ నీళ్లుండాయి. కొన్నాళ్లు ఊరికే చూడప్పా."

నాయన తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆయన ఏడవగా నేను చూడటం అదే మొదలు.

ఆ తర్వాత లోపలికి వెళ్లినప్పుడల్లా, బయటికి వచ్చినప్పుడల్లా నాయన ఆ మొక్క కింద ఆగేవాడు. ఆకులు సన్నబడుతుంటే నాకూ భయం వేసేది. తొలకరి మబ్బులు పట్టే నాటికి దాని నడుమ ఒక పచ్చటి మొలక వచ్చి, వెలుతురు వైపు పైకి వంగింది. జేజి దాన్ని నాయన చేతనే పాత చోట నాటించింది. చెంబు మాత్రం తన దగ్గరే పెట్టుకుంది.

నాయన బాధ తీరిపోయిందని చెప్పలేను. ముసలితనంలో కూడా నీళ్లు తాగేముందు చెంబును ఒక్క క్షణం చూసేవాడు.

ఈ ఏడు నా భార్య పోయింది. ఆసుపత్రిలో ఆమె ఇంటికి తీసుకుపొమ్మని అడిగింది. రేపు చూద్దామన్నాను. అనంతపురంలో మా మిద్దె మీద ఆమె పెంచిన మొక్కల కుండీలున్నాయి. బిళ్లగన్నేరు ఉంది, నాయన నాటిన ఆ కలబందకు పుట్టిన పిలక కూడా ఉంది. పొద్దున్నే మగ్గుతో నీళ్లు తీసుకుని పైకి వెళతాను. మట్టిలోకి వేలు దించి చూస్తాను. లోపల తడి తగిలితే మగ్గు కింద పెట్టేస్తాను. అప్పుడు చేతులకు పని ఉండదు. అయినా ఎండ ముదిరేదాకా అక్కడే కూర్చుంటాను.