ట్రాక్టర్లు ఆగిపోయిన రోజు

ఈ ఉదయం మంగళగిరిలో మా ఆఫీసు పక్క రోడ్డు మీదుగా మిర్చి లారీలు వరసగా వెళ్ళాయి. బండి దిగీ దిగగానే ఘాటు గొంతులో పడింది. దగ్గుతూనే నవ్వుకున్నాను. మా పాత టీమ్ లీడ్ వసుంధర గారు గుర్తొచ్చారు. ఆమెది ప్రత్తిపాడులో మిర్చి పండించే కుటుంబం. మేమంతా ముక్కులు మూసుకుంటే, "ఈ ఘాటుకే ఇలా అయిపోతే, పైవాళ్ళ మెయిల్ వస్తే ఏమైపోతారయ్యా?" అని ఆటపట్టించేవారు.

పెద్ద కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఇంజనీరునన్న గర్వం అప్పట్లో నాకు నెత్తికెక్కి ఉండేది. ఏ రైతు ఎప్పుడు కోల్డ్ స్టోరేజీకి సరుకు తేవాలో ఫోన్లో చెప్పే యాప్ మాది. ఒకరు రాసిన కోడ్ మరొకరు చూడనిదే బయటికి వెళ్ళకూడదన్నది వసుంధర గారి నియమం. చిన్న మార్పే కదా అని నేను ఎవరికీ చూపించకుండా పంపేశాను. మర్నాడు రైతులందరికీ ఒకే సమయం వెళ్ళింది. మిర్చి బస్తాలతో ట్రాక్టర్లు రోడ్డు పొడవునా ఎండలో నిలబడిపోయాయి.

మధ్యాహ్నం పైఅధికారులతో వీడియో మీటింగు. "ఎవరు చేశారిది?" అని అడిగారు. నా నోరు పెగల్లేదు. వసుంధర గారు నావైపు కన్నెత్తి కూడా చూడలేదు. "లీడ్‌ని నేను. నా పేరే రాసుకోండి" అన్నారు. ఆ మాటతో ఆమెకు రావలసిన ప్రమోషన్ పోతుందని గదిలో అందరికీ తెలుసు. నాకూ తెలుసు. అయినా ఇంకాసేపు అలాగే కూర్చున్నాను. ఆ కాసేపు తలుచుకుంటే ఈనాటికీ సిగ్గుపడతాను. చివరికి, "కాదండీ, నేను. ఎవరికీ చూపించకుండా పంపాను" అన్నాను.

మీటింగు అయ్యాక ఆమె, "ఏం అడ్డుపడిందయ్యా గొంతులో, ఇంతసేపు?" అన్నారు.

"భయమేసింది మేడమ్."

"వెయ్యదా మరి! సరేగానీ, ఇకమీదట కొత్తగా చేరినవాళ్ళకి ఆ కోడ్ నువ్వే నేర్పాలి. నువ్వు బోల్తాపడ్డ చోటు నుంచే మొదలుపెట్టు."

నేను ఒప్పుకున్నా, లీడ్‌గా బాధ్యత ఆమెదే అన్నారు పైవాళ్ళు; ఆ ఏడాది ఆమెకు ప్రమోషన్ రానే లేదు. ఆ ఊసు నా దగ్గర ఒక్కనాడూ ఎత్తలేదు.

ఇప్పుడు ఆమె స్థానంలో నేనున్నాను. కొత్తవాళ్ళకు మొదటి రోజే ఆ ట్రాక్టర్ల సంగతి చెబుతాను, నేను మాట్లాడకుండా కూర్చున్న ఆ కాసేపటితో సహా. మొన్న, కొత్తగా చేరిన కల్యాణి, ఒక్క ఫిర్యాదైనా రాకముందే నా దగ్గరికి వచ్చి, "సార్, ఒకటి పాడుచేశానండీ. నేనే" అంది.

"కూర్చోమ్మా, చూద్దాం" అన్నాను.

రైతులు ఇళ్ళ దగ్గర బయలుదేరకముందే ఇద్దరం కలిసి సరిచేశాం. నోరు తెరవడానికి నాకు పట్టినంతసేపు ఆ అమ్మాయికి పట్టలేదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను ఇంతకన్నా గర్వపడ్డ సంగతి మరొకటి లేదు.