అరవని మాస్టారు

మా బాబాయ్ డ్రైవింగ్ స్కూల్లో మాస్టారు. మా ఇంటికొస్తే టీ చల్లారిపోయేది గానీ ఆయన గొప్పలు చల్లారేవి కావు.

"నా దగ్గర నేర్చుకుంటూ బండి గుద్దినవాడు ఒక్కడున్నాడా? ఎవడి మీదైనా గొంతెత్తానా? ఓపికరా! టీచింగ్ అంటే అదీ!"

నిజమే, ఎవడూ గుద్దలేదు. ఎందుకంటే స్కూలు కారులో మాస్టారి కాళ్ల దగ్గర కూడా ఇంకో బ్రేకు ఉంటుంది. ఎదురుగా బస్సొచ్చినా బాబాయ్ మొహం మారేది కాదు, కుడికాలు మాత్రం మెల్లగా కిందికి దిగేది. స్టీరింగ్ పట్టుకున్నవాడికి ఆ సంగతే తెలిసేది కాదు. పైగా "భలే ఆపావయ్యా!" అనేవాడు. వాడు కాలరెగరేసుకుంటూ ఇంటికెళ్లేవాడు. ఆయన ఉద్యోగమంతా ఆ కాలే. ఆయన మాత్రం అదంతా తన ఓపిక మహిమ అనుకునేవాడు.

మా పిన్ని నర్సు. డ్యూటీకి తనే నడుపుకుంటూ వెళ్లాలని ఆ స్కూలు కారులోనే, బాబాయ్ దగ్గరే నేర్చుకుంది. "నీకు పుట్టుకతోనే వచ్చిందే!" అన్నాడు. పిన్ని నమ్మేసింది. ఘోరం ఏంటంటే, ఆయన కూడా నమ్మేశాడు. సెకండ్ హ్యాండ్ కారు కొన్నారు.

మొదటిసారి పిన్ని స్టీరింగ్ దగ్గర, బాబాయ్ పక్కన, నన్ను వెనక కూర్చోబెట్టుకుని బయల్దేరారు. మలుపు తిరగ్గానే ఎదురుగా ఆగున్న లారీ. పిన్ని బిగుసుకుపోయి దాన్నే చూస్తోంది, కారు దాని మీదికే పోతోంది. నేను బాబాయ్ వైపు చూశా. మహా ప్రశాంతంగా ఉన్నాడు. కుడికాలు మెల్లగా కిందికి దిగింది. అక్కడ రబ్బరు మ్యాట్ తప్ప ఏమీ లేదు. ఇంకా గట్టిగా తొక్కాడు. నోరు మాత్రం తెరవలేదు.

అరిచింది నేనే. అప్పటికే అయిపోయింది.

పిన్ని నుదుటికి కుట్లు పడ్డాయి. బాబాయ్ కుడి చీలమండ నుజ్జయింది. ఇక ఆ పాదం కదలదని డాక్టరు చెప్పేశాడు.

"నేను టైముకి బ్రేకేశా కాబట్టి బతికాం," అంది పిన్ని ఆసుపత్రిలో పక్క మంచం మీంచి.

"నువ్వేశావా? ఊరుకోవే! తొక్కింది నేను."

"అక్కడ బ్రేకే లేదు బాబాయ్."

"నీకేం తెలుసురా? అంత ప్రమాదంలో కూడా మీ పిన్నిని ఒక్క మాటన్నానా?"

సాయంత్రం స్కూలు ఓనరు వచ్చాడు. పళ్ల సంచి టేబుల్ మీద పెట్టి, కట్టు వైపు చూశాడు.

"ఈ కాలుతో కుదరదు మాస్టారూ. మీ సీట్లో ఇంకొకణ్ని కూర్చోబెట్టేశా."

పిన్ని మొహం తిప్పేసుకుంది. బాబాయ్ పెద్దమనసు చేసుకున్నట్టు నవ్వాడు.

"సరే, కూర్చోబెట్టండి. కానీ అరిచేవాణ్ని మాత్రం పెట్టకండి."