లేని పెంకుటింటికి పన్ను

నమ్మనివాళ్లు లేచి వెళ్లిపోవచ్చు. మా అత్త బతికుంటే ఆవిడే చెప్పేది, నాకంటే గట్టిగా.

నెల్లిమర్ల దగ్గర పల్లె మాది. అరవై ఎనిమిదో, తొమ్మిదో. తాటాకిల్లు, ఒకే గది. ఎప్పటికైనా పెంకుటిల్లు కట్టాలని మావ కొన్న పెంకులు దొడ్లో పేర్చి ఉండేవి. మావ పోయాడు. పెంకులకు నాచు పట్టింది.

ఏ ఇంటికెంత పన్నో రాసుకోవడానికి పంచాయతీ బిల్లు కలెక్టరు వచ్చాడు. సైకిలు దిగలేదు. దడి మీంచి చూసి, "పెంకులు మీవేనా?" అన్నాడు.

"మావి కాక ఎవులివి?" అంది అత్త, గొప్పగా.

అంతే. పుస్తకంలో మాది పెంకుటిల్లయిపోయింది. రెండు గదులు, వసారా కూడానట. నాకప్పుడు అక్షరం ముక్క రాదు. చూపించిన చోట వేలిముద్ర వేశాను. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

లేని ఇంటికి పన్ను కట్టం అన్నాం. మనుషులొచ్చి, జప్తు అని, తలుపు ఊడదీసి పట్టుకుపోయారు. పట్టపగలు. ఒక్కడూ అడ్డు రాలేదు.

ఆ రాత్రి మా ఆయనకు జూట్‌మిల్లులో డ్యూటీ. గుమ్మానికి గోనెపట్టా కట్టి, అత్తా నేనూ పడుకున్నాం. గాలి లేదు. వాన లేదు.

ముందు... పైన చప్పుడు. టక్... టక్... తాటాకు మీద ఏది పడినా గరగరమంటుంది. ఇది అది కాదు. పెంకు మీద పెంకు ఆనించినట్టు. ఒక వరస... ఆగింది. ఇంకో వరస. ఎవరో తొందర లేకుండా కప్పు నేస్తున్నారు.

"అత్తా," అన్నాను.

"నాకూ ఇనబడతంది. మాటాడకు."

చప్పుడు చూరు దాకా దిగింది. ఆగింది. తర్వాత... తలుపు కొట్టారు.

లేని తలుపు. చెక్క మీద వేళ్ల కణుపులు తగిలిన చప్పుడు. గోనెపట్టా కదలనైనా లేదు.

మళ్లీ కొట్టారు...

అత్త లేచి కూర్చుంది. ఆవిడ గొంతులో భయం కంటే మంటే ఎక్కువ.

"ఎవుల్రా అది? తలుపు నేదు, అట్టుకుపోనారు. నువ్వూ పంచాయితీ వోడివే అయితే ఈ ముసల్దాన్ని అట్టుకుపో. ఇంకేటీ మిగల్నేదు."

అవతల ఎవరో ఊపిరి పీల్చినట్టు... అంతే. తెల్లారేదాకా ఇంకేమీ లేదు.

పొద్దున్నే నిచ్చెన వేసి చూశాను. తాటాకే. దొడ్లో పెంకులు పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయి, నాచు చెదరకుండా.

నేరుగా పంచాయతీ ఆఫీసుకు వెళ్లి బిల్లు కలెక్టరు ముందు నిలబడ్డాను.

"నువ్వు రాసిన పెంకుటిల్లు రాత్రి మా నెత్తి మీద కడతన్నారు బాబూ. ఇయ్యాల నువ్వొచ్చి తొంగో. మా తలుపు మాకిచ్చీ."

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. పుస్తకం మూసి, చుట్టూ చూసి, మెల్లగా అడిగాడు.

"మీకూ తలుపు కొట్టిందా?"

ఆ సంగతి నేను చెప్పనేలేదు.

"మీకూ అంటే? ఇంకెవులికి?"

"పన్ను కట్టీయండి. తలుపిచ్చెస్తాను," అన్నాడు, నా మొహం చూడకుండా.

కట్టాం. ఆ పెంకులే అమ్మి కట్టాం. తలుపు వచ్చింది. రాత మారలేదు. రాత్రిబడిలో చదువు నేర్చాక ఆ పుస్తకం అడిగి, నా కళ్లతో నేనే చదివాను. పెంకుటిల్లు అనే ఉంది.

వచ్చిందేమిటో నాకు నేటికీ తెలియదు. ఆ బిల్లు కలెక్టరుకు తెలుసు. చెప్పకుండా బదిలీ చేయించుకుని పోయాడు... ఎక్కడున్నాడో తెలిస్తే ఈ వయసులోనైనా వెళ్లి, గుమ్మంలో కూర్చుని అడుగుతాను.