నీలి అంచు నాణెం

బజారు చివర, గడియారాలు బాగుచేసే కొట్టు పక్కన, ఒక మనిషి నిలబడితే నిండిపోయే గదిలో పాత నాణేలు అమ్మే పెద్దాయన ఉండేవారు. అందరికీ ఆయన రంగులాయన. వెండి నాణేన్ని తళతళలాడేలా తోమి తెచ్చారో, అయిపోయారన్నమాటే. "స్నానం చేయించారు సరే, పౌడరు కూడా రాయాల్సింది" అని వెనక్కి నెట్టేసేవారు.

ఆయన గొడవంతా రంగు గురించే. వెండి ఊరికే కూర్చోదు. కాగితంలోంచి, చెక్కలోంచి, గాలిలోంచి గంధకాన్ని కొంచెం కొంచెంగా పీల్చుకుంటుంది. ముందు ఎండుగడ్డి పసుపు, తరువాత ఎరుపు, ఊదా, ఆపైన నీలం. ఏళ్ల తరబడి, చీకట్లో, ఎవరి సాయమూ లేకుండా. కిటికీ దగ్గర మెల్లగా వాల్చి చూస్తే ఆ రంగులు అంచుమీంచి నాణెం మీది రాజుగారి చెంప మీదికి పాకేవి. అలా చూస్తూ ఆయన భోజనం మరిచిన రోజులెన్నో.

ఈ పిచ్చి అంటించింది భార్యే. కొత్త కాపురంలో ఆయన తాళాలు అమ్ముకునేవారు. ఆవిడ తెచ్చుకున్న తల్లిగారి కుట్టుపెట్టెలో, గుండీల అడుగున, ఒక వెండి నాణెం దొరికింది. అంచు చుట్టూ తెల్లవారబోయే ఆకాశంలాంటి నీలం. అంతే, తాళాలు అటకెక్కాయి. తరువాత ఎన్ని కొన్నా, ఎన్ని అమ్మినా, దాన్ని మాత్రం అమ్మలేదు. సాయంత్రం ఒకసారి చూసుకుంటే తప్ప ఇంటికి కాళ్లు కదిలేవి కావు.

డెబ్బై దాటాక ఆ నీలం వాడిపోసాగింది. ముందు బూడిదలా, తరువాత మట్టిలా. రంగులాయనకు బెంగ పట్టుకుంది. నీలం తరువాత వచ్చేది నలుపు. అది ముదిరితే వెండినే కొరికేస్తుంది.

"నీలంగానే ఉందండీ" అంది భార్య.

"నీకేం తెలుసు?"

"నాకూ కళ్లున్నాయి."

"ఉంటే సరా, చూడటం రావాలి."

అప్పటికే ఆయనకు బజారంతా పలచని తేనెలో మునిగినట్టుండేది. దీపాల చుట్టూ మెత్తని వలయాలు కనిపించేవి. సాయంకాలాలు ఇంత అందంగా ఎప్పుడూ లేవని మురిసిపోయేవారు. అయ్యో, ఆ ముచ్చట ఎక్కడినుంచి వచ్చిందో ఒక్కసారి ఆలోచించి ఉంటే బాగుండేది.

ఒక మధ్యాహ్నం కొట్టు తలుపు దగ్గరగా వేసి, ఎవరి నాణేనికీ తగలనివ్వని, రంగు కరిగించే మందునీళ్లలో ఆ నాణేన్ని ముంచారు. రెప్పపాటులో తెల్లబడింది. వెండైనా దక్కిందని తనకు తానే చెప్పుకున్నారు. ఇంటికి తెస్తే భార్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది.

ఆ తరువాత ఆయన గేటుకు గుద్దుకుంటే కూతురు పట్టుబట్టి కళ్ల డాక్టరు దగ్గరకు లాక్కెళ్లింది. రెండు కళ్లలోనూ శుక్లాలు. ఆపరేషన్లయ్యాక కట్టు విప్పిన ఉదయం, గోడ తెలుపు చూసి ఆయన కళ్లు చికిలించారు. కిటికీ పక్కన భార్య కూర్చుని ఉంది.

"శాలువా కొత్తదా? నీలం భలే ఉంది."

"కొత్తదేమిటి? ఎప్పుడూ కప్పుకునేదేగా."

"అది మట్టిరంగు కదా?"

"శుక్లం ముదిరితే నీలం అలాగే కనిపిస్తుంది తాతగారూ" అంది మందు వేస్తున్న నర్సు. ఆయనకు నాణెం గుర్తొచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?

ఇంటికి వచ్చి, తెల్లటి నాణేన్ని భార్య చేతిలో పెట్టారు.

"నిజం చెప్పు. నేను కడిగిన రోజు దీని రంగేమిటి?"

ఆవిడ దాన్ని అరచేతిలో తిప్పింది.

"మట్టిరంగే. మీరన్నదే నిజం."

కాపురానికి వచ్చినప్పటినుంచి ఆవిడ ఆయన మాటను వెంటనే ఒప్పుకున్న పాపాన పోలేదు. రంగులాయనకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. పోయింది ఆవిడ తల్లి నాణెం రంగు.

ఆవిడ దాన్ని పాత కాగితంలో మడిచి, బీరువాలో బట్టల కింద పెట్టింది.

"మళ్లీ నీలం రావాలంటే ఇంకో యాభై ఏళ్లు పడుతుంది" అన్నారాయన.

"పట్టనివ్వండి" అంది ఆవిడ, పక్కన కూర్చుంటూ. "మనకేం తొందర?"