బావి నాలుక

రోజూ పొద్దున్నే నాలుకమ్మ మొదటి చేదలోని నీళ్ళలో చూపుడువేలు ముంచి, నాలుక మీద పెట్టుకుని, కళ్ళు మూసుకునేది. బావి చుట్టూ బిందెలతో నిలబడ్డ ఆడవాళ్ళు మాటలు ఆపేసేవాళ్ళు. ఇసుకదిబ్బ వెనక సముద్రం మాత్రం నోరు మూసేది కాదు. కాసేపటికి ఆమె కళ్ళు తెరిచి, "తియ్యగానే ఉన్నాయి, తోడుకోండి" అనేది. అప్పుడే మిగతా చేదలు బావిలోకి దిగేవి.

ఆ పని ఆమెకు అత్తగారి నుంచి వచ్చింది. ఒక తుఫాను ఏడాది సముద్రం బావిలోకి పొంగితే, మళ్ళీ ఎప్పుడు తాగొచ్చో తేల్చి చెప్పింది అత్తగారి నాలుకేనట. ఆవిడ పోయి ముప్ఫై ఏళ్ళు. నలభై గడపల ఆ పల్లె ఈమెను నాలుకమ్మ అని పిలిచేది, ఎదురుగానే. ఆమెకు అది నగలాగా ఉండేది. భర్త పోయాక చేపలు ఎండబెట్టి కొడుకును పెంచింది. చేపలు ఎవరైనా ఎండబెడతారు. నాలుక తనొక్కదానిదే.

కోడలు సముద్రం ఎరగని ఊరి పిల్ల. వచ్చిన రోజే గ్లాసెత్తి ఒక గుక్క తాగి దించేసింది.

"ఉప్పగా ఉన్నాయి అత్తయ్యా."

వలలు అల్లే పక్కింటావిడ పకపకా నవ్వింది. "విన్నావా వదినా? నీకు పోటీ దిగింది."

నాలుకమ్మ నవ్వలేదు.

కోడలు కూరల్లో ఉప్పు తగ్గించేసింది. నాలుకమ్మ ముద్ద నోట్లో పెట్టుకుని మొహం చిట్లించేది. "మీ పుట్టింట్లో ఉప్పు డబ్బాకి తాళం వేసేవాళ్ళా ఏమిటే?"

"నీళ్ళలోనే ఉంది కదా అత్తయ్యా."

నాలుకమ్మ లేచి పిడికెడు ఉప్పు తెచ్చి, అందరూ చూసేలా చల్లుకునేది.

బావి పక్క గడ్డి మాడిపోయింది. "ఎండలు" అంది నాలుకమ్మ. ఆరిన బిందె అడుగున తెల్లటి పొర కట్టింది. "సరిగ్గా తోమితే ఉండదు" అంది.

కోడలు కడుపుతో ఉంది. ఆరో నెల వచ్చేసరికి కాళ్ళు ఉబ్బాయి. చెప్పులు పట్టలేదు. "గుట్ట అవతలి బావి నుంచి ఒక్క బిందె తెచ్చుకుంటాను. నా ఒక్కదానికే" అని అడిగింది.

"నా కోడలే పరాయి బావికి పోతే రేపు నా మాటకి విలువేముంది?"

కొడుకు పడవ ఇంజను విప్పుకుంటున్నాడు. తల ఎత్తలేదు. "అమ్మకి తెలీదా?" అన్నాడు.

ఏడో నెలలో బిడ్డ పోయింది. ఆడపిల్ల.

వారం తర్వాత నర్సు ఇంటికి వచ్చింది. కోడలి బీపీ చూసి విసుక్కుంది. "ఉప్పు మానెయ్యమన్నాను కదమ్మా?"

"నేను వేసుకోవడమే లేదండీ."

నర్సు మంచినీళ్ళు అడిగింది. నాలుకమ్మే ఇచ్చింది. నర్సు ఒక గుక్క పుక్కిట పట్టి, గుమ్మం బయటికి వెళ్ళి ఉమ్మేసింది.

"ఈ నీళ్ళు తాగమని ఎవరు చెప్పారు?"

కోడలు గోడవైపు తిరిగి పడుకుంది.

"బిడ్డ వీటివల్లే పోయిందని ఒట్టేసి చెప్పలేను" అంది నర్సు. "ఉప్పు కొంచెం కొంచెంగా ఎక్కితే రోజూ తాగేవాళ్ళ నాలుకకి తెలీదు. కానీ కడుపుతో ఉన్న మనిషికి ఇవి పట్టకూడదు."

నర్సు వెళ్ళాక నాలుకమ్మ గ్లాసు నిండా ముంచుకుని తాగింది. తియ్యగా ఉన్నాయి. మరో గ్లాసు తాగింది. అంతే తియ్యగా ఉన్నాయి.

గోడవైపు తిరిగి పడుకున్న కోడలు అడిగింది, "ఎలా ఉన్నాయి అత్తయ్యా?"

గొంతులో వెక్కిరింపు ఉన్నా బాగుండేది. నాలుకమ్మ గ్లాసు బోర్లించి బయటికి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున ఎప్పటిలాగే బావి దగ్గరికి వచ్చింది. ముందు వరసలో పక్కింటావిడ కూతురు నిలబడి ఉంది, నాలుగో నెల పొట్ట మీద చెయ్యి వేసుకుని. నాలుకమ్మ చేద తోడి, వేలు ముంచి, నాలుక మీద పెట్టుకుని కళ్ళు మూసుకుంది. నిన్నటంత తియ్యగా ఉన్నాయి.

కళ్ళు తెరిచింది. "ఉప్పు. తోడకండి."

"అదేమిటి వదినా, నిన్న తియ్యగా ఉన్నాయన్నావుగా?" అంది పక్కింటావిడ.

"నిన్నా ఉప్పే."

చేదలో నీళ్ళు ఇసుకలో పారబోసి, బిందె చంకనెత్తుకుని, గుట్ట దారి పట్టింది.